చెడ్డ కబురు చెప్పగలిగే గ్రూపు

రొయ్యల చెరువుకు జబ్బు తగిలిందని అందరికంటే ముందు తెలియాల్సింది పక్క చెరువు రైతుకి. చాలాసార్లు అందరికంటే ఆఖర్న తెలిసేదీ ఆయనకే. కబురు పొక్కితే కొనే వ్యాపారి రేటు తగ్గిస్తాడు. మేత అరువిచ్చిన డీలరు బాకీ కోసం గట్టు మీదికొస్తాడు. ఊళ్లో ‘వాడి చెరువు నుంచే వచ్చింది’ అన్న మాట పుడుతుంది. అందుకని రైతు నోరు మెదపడు. గుట్టుచప్పుడు కాకుండా పట్టుబడి కానిచ్చి, చెరువు నీళ్లు మురుగు కాలవలోకి వదిలేస్తాడు. ఆ నీళ్లనే మర్నాడు ఇంకో రైతు మోటారు పెట్టి తోడుకుంటాడు.

భీమవరం, ఉండి, ఆకివీడు, నరసాపురం, అమలాపురం ప్రాంతాల్లో ఇవాళ రొయ్య వేసిన రైతు ఫోన్లో రెండు మూడు వాట్సాప్ గ్రూపులైనా ఉంటాయి. నీటి పరీక్షల రిపోర్టులు, చచ్చిన రొయ్యల ఫొటోలు, చెక్ ట్రేలో మిగిలిన మేత వీడియోలు, కౌంటు ధరలు, మందుల సలహాలు వాటిలో పగలూ రాత్రీ వస్తూనే ఉంటాయి. సాంకేతిక చర్చ అనగానే మనకు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులు గుర్తొస్తాయి గానీ, ఆక్సిజన్ ఎంత, ఆల్కలినిటీ ఎంత, విబ్రియో బాక్టీరియా ఎంత ఉంది అంటూ లెక్కలతో సాగే ఈ మాటలూ అచ్చమైన సాంకేతిక చర్చే. పైగా ఇక్కడ తప్పుడు సలహాకు మూల్యం అప్పటికప్పుడు, లక్షల్లో చెల్లించాల్సి వస్తుంది.

ఆన్‌లైన్‌లో పదిమంది ఒక సాంకేతిక విషయం మాట్లాడుకునేటప్పుడు మాట తూలకుండా, పని జరిగేలా చూడటం ఎలా? ఈ ప్రశ్నకు గత ముప్పయ్యేళ్లలో ప్రపంచంలో చాలా జవాబులు వచ్చాయి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1995లోనే నెట్ మర్యాదల మీద ఒక పత్రం వెలువరించారు. ఆ తర్వాత ప్రవర్తనా నియమావళులు, పాయింట్ల పద్ధతులు, మోడరేటర్లు వచ్చారు. వాటిలో మనకు ఏవి పనికొస్తాయో గోదావరి డెల్టాలో నిలబడి ఒకసారి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చర్చ మర్యాదగా ఉందా లేదా అన్నది మాటతీరు ఒక్కదాన్నిబట్టి చెప్పలేం. అందరూ ‘గారు’ అని పిలుచుకుంటూ ఒక్క నిజమూ బయటపెట్టని గ్రూపులున్నాయి. గ్రూపులో ఎవరైనా చెడ్డ కబురు చెప్పగలుగుతున్నారా, ‘నాకు తెలియదండి’ అనగలుగుతున్నారా, ‘పోయిన నెల నేను చెప్పింది పని చెయ్యలేదు’ అని ఒప్పుకోగలుగుతున్నారా అని చూడాలి. మిగతా నియమాలన్నీ దీనికోసమే.

మొగల్తూరు పాఠం

వాట్సాప్ పుట్టక ముందే ఈ పరీక్షలో నెగ్గినవాళ్లు మన దగ్గర ఉన్నారు. 1994–95లో తెల్లమచ్చ వైరస్ కోస్తా అంతటా టైగర్ రొయ్య సాగును కుదేలు చేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంత చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చి పడింది. ఆ వైరస్ ఒకసారి చెరువులో చెలరేగాక రొయ్యను బతికించే మందు లేదు. చేతనైందల్లా రాకుండా కాచుకోవడం, వస్తే పాకకుండా ఆపడం. ఒకే కాలవ నీళ్లు వరసగా అన్ని చెరువుల్లోకీ వెళ్లేచోట ఇది ఏ ఒక్క రైతు వల్లా అయ్యే పని కాదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ, అంటే మనం ఎంపెడా అనేది, ఆసియా–పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సమాఖ్య ‘నాకా’తో కలిసి 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఐదుగురు రైతులతో, పది చెరువులతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అలా కలిసిన రైతుల జట్టుకు ఆక్వా క్లబ్ అని పేరు. మరుసటి సంవత్సరానికే రైతులు యాభై మంది దాటారు. తర్వాత ఈ పద్ధతి ఇతర కోస్తా రాష్ట్రాలకూ వెళ్లింది. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా ‘నాక్సా’ అనే జాతీయ సంస్థ ఏర్పడింది.

క్లబ్బులో ఒప్పందాలు చూడటానికి చాలా మామూలువి. చెరువులు ఎండబెట్టి సిద్ధం చేసే పని అందరూ కలిసి చెయ్యాలి. సీడ్ అందరూ కలిసి ఎంచుకుని, పరీక్ష చేయించాకే కొనాలి. కొద్ది రోజుల తేడాలోనే అందరూ వదలాలి. మేత, నీళ్ల లెక్కలు పుస్తకంలో రాయాలి. ఎవరి చెరువులో జబ్బు కనిపించినా మిగతావాళ్లకు చెప్పాలి. జబ్బు పడ్డ నీళ్లు శుద్ధి చేయకుండా బయటికి వదలకూడదు.

ఈ చివరి రెండూ ఎంత కష్టమో రొయ్య రైతులకు తెలుసు. అవి ఎందుకు సాధ్యమయ్యాయో చూస్తే, నా లెక్కలో మూడు కారణాలు కనిపిస్తాయి. మాట్లాడుకునేవాళ్లంతా ఒకే నీటి మీద బతికేవాళ్లు కాబట్టి దాచిన నిజం తిరిగి తమ చెరువుకే వస్తుందని వాళ్లకు ఎరికే. జట్టు చిన్నది, ఒకరి చెరువు ఒకరు చూసినదే. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ కూర్చున్నచోట సరుకు కొనేవాడు, మందు అమ్మేవాడు లేడు. నోరు తెరిస్తే రేటు పడిపోతుందన్న భయం అక్కడ అక్కర్లేదు.

ఇదే సంగతిని నీటి విషయంలో చూసి రాసినాయన రాబర్ట్ వేడ్. కర్నూలు జిల్లా కాలవల కింది గ్రామాలను పరిశీలించి ఆయన 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం వెలువరించాడు. కాలవ చివరన, నీళ్లు అందుతాయో లేదో తెలియని ఊళ్లే నీళ్లు పంచేందుకు మనుషులను పెట్టుకుని, ఊరుమ్మడి నిధి ఏర్పాటు చేసుకుని కట్టుబాట్లతో నడుస్తున్నాయని, పుష్కలంగా నీళ్లున్న ఎగువ ఊళ్లలో ఆ ఏర్పాట్లు అంతగా లేవని ఆయన గమనించాడు. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ఉమ్మడి వనరుల మీద రాసిన పుస్తకంలో ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి ఉదాహరణలు పోగేసి, నిలిచిన కట్టుబాట్లలో ఉండే లక్షణాలు చెప్పింది. సభ్యులెవరో స్పష్టంగా ఉండటం, నియమాలు వాటితో బతికేవాళ్లే రాసుకోవడం, తప్పుకు తగ్గట్టు మొదట చిన్న మందలింపు, తర్వాతే పెద్ద శిక్ష, తగువు తీర్చే చోటు దగ్గర్లో, ఖర్చు లేకుండా ఉండటం అందులో కొన్ని. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమె రాసింది చేపల వేట, అడవులు, కాలవల గురించి. ఆన్‌లైన్ గ్రూపులో ఉమ్మడి ఆస్తి జనం పెట్టే శ్రద్ధ, జనానికి ఉండే నమ్మకం. అవి కూడా వాడేకొద్దీ తరిగేవే కాబట్టి ఆ లక్షణాలు ఇక్కడా చెల్లుతాయని నేననుకుంటాను.

మొదటి జవాబు

2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చింది. ఆ సాగు పెరిగిన ఏళ్లలోనే స్మార్ట్‌ఫోన్లు ప్రతి జేబులోకీ వచ్చాయి. గట్టు మీద పదిమంది మాట్లాడుకున్నది గ్రూపులో వందల మంది మాట్లాడుకోవడం మొదలైంది. 2022 చివరికి వాట్సాప్ ఒక గ్రూపులో 1,024 మందిని అనుమతించింది. నెల్లూరు రైతు, మచిలీపట్నం హ్యాచరీ మనిషి, భీమవరం ల్యాబ్ టెక్నీషియన్, మేత కంపెనీ సేల్స్ కుర్రాడు, కొనుగోలు ఏజెంటు అందరూ ఒక్కచోటే ఉన్నారు. జ్ఞానం పెరిగింది. నోరు తెరవడానికి ధైర్యం మాత్రం తగ్గింది.

ఇలాంటి గ్రూపుల్లో తరచూ జరిగేది ఒకటి దగ్గరగా చూద్దాం. రెండు రోజులుగా ముసురు. తెల్లవారుజామున ఒక రైతు రాస్తాడు: ‘రొయ్య పైకి తేలుతోంది. ఏం జల్లాలి?’ వెంటనే జవాబులు. ‘ఫలానా కంపెనీ ఆక్సిజన్ బిళ్లలు ఎకరానికి కేజీ.’ ‘మేత ఎక్కువ వేసుంటావ్.’ ‘సీడ్ ఎక్కడిది? ఆ హ్యాచరీ సీడ్ అంతే.’ ‘మొన్నే చెప్పా, ఇన్ని పిల్ల వద్దని, వింటేగా.’ మధ్యలో శుభోదయం పువ్వులు. ఆ రైతు ఇక రాయడు. చెరువు ఏమైందో గ్రూపుకు ఎప్పటికీ తెలియదు.

అదే ప్రశ్నకు మొదటి జవాబు ఇలా ఉందనుకోండి: ‘కంగారు పడకండి. ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నాయా? డీఓ ఎంత చూపిస్తోంది? నిన్నటికీ ఇవాళ్టికీ నీటి రంగు మారిందా? మేత ఆపేయండి ముందు.’ ఎండ లేని రోజు నీటిలోని నాచు ఆక్సిజన్ సరిగా తయారు చెయ్యదు, రాత్రంతా అదీ, రొయ్యా, అడుగు మట్టీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తెల్లవారేసరికి అది కనిష్ఠానికి పడిపోతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కిందికి దిగితే వనామి ఇబ్బంది పడుతుంది. ముసురులో నాచు ఒక్కసారిగా చచ్చిపోతే నీటి రంగు మారి పరిస్థితి ఇంకా విషమిస్తుంది. అంటే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వస్తే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. ఆ రైతు అంకెలు చెబుతాడు, ఇంకో ఇద్దరు తమ అనుభవం చెబుతారు, పది గంటలకు ‘సర్దుకుందండి’ అనో, ‘కొంత పోయిందండి’ అనో కబురు వస్తుంది. ఆ కబురు గ్రూపు ఆస్తి.

రెండు చర్చల్లోనూ ఉన్నది అవే మనుషులు. మొదటి జవాబు తీరే తేడా తెచ్చింది. అనుభవం ఉన్న అడ్మిన్లు గొడవ ముదిరాక రిఫరీలా రావడం కంటే, ప్రశ్న పడగానే మంచి ఎదురు ప్రశ్న వెయ్యడానికే తమ ఓపిక ఖర్చు పెడతారు. మొదటి పది నిమిషాల్లో అడిగే డీఓ అంకె, సాయంత్రం పెట్టే ‘దయచేసి అందరూ సంయమనం పాటించండి’ అన్న సందేశం కన్నా ఎక్కువ మర్యాద తెస్తుంది.

దీన్నుంచే ప్రశ్నకు ఒక నమూనా ఉండాలన్న ఆలోచన వస్తుంది. చెరువు ఎన్ని ఎకరాలు, పంట ఎన్నో రోజు, ఎకరానికి ఎంత సీడ్, ఉప్పు శాతం, డీఓ, పీహెచ్, అమ్మోనియా, రోజుకు మేత ఎంత, ఇప్పటికే ఏం వేశారు, రొయ్య ఫొటో. దీన్ని గ్రూపు వివరణలో పెట్టుకున్న గ్రూపుల్లో చర్చ నిజంగానే పొట్టిగా, పదునుగా ఉంటుంది. ప్రపంచంలో ఈ దారిలో ముందు నడిచింది సాఫ్ట్‌వేర్ వాళ్లు. ప్రశ్న తెలివిగా అడగడం ఎలా అని ఎరిక్ రేమండ్ 2001లో రాసిన సుదీర్ఘ వ్యాసం ఒక తరం ప్రోగ్రామర్లకు పాఠ్యపుస్తకమైంది. 2008లో మొదలైన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో ఆ పద్ధతినే యంత్రంలోకి ఎక్కించింది. మంచి ప్రశ్నకు పాయింట్లు, నమూనాకు సరిపడని ప్రశ్నకు తాళం. ఫలితం అద్భుతంగా ఉండేది, జవాబులు ఏళ్ల తరబడి పనికొచ్చేవి. కానీ కొత్తగా వచ్చినవాడికి అది కాపలా ద్వారంలా తయారైంది. 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే, తమ చోటు కొత్తవాళ్లకు, ఆడవాళ్లకు, ఇంకా అంచున ఉన్నవాళ్లకు ఆదరంగా లేదని బహిరంగంగా రాసుకుంది.

మన గ్రూపులకు ఇందులో హెచ్చరిక ఉంది. నమూనా నింపని రైతును ‘ముందు రూల్స్ చదువు’ అని గదమాయిస్తే ఆయన మళ్లీ రాడు. చాలామంది చిన్న రైతుల దగ్గర డీఓ మీటరే ఉండదు. అలాంటప్పుడు నమూనాను అడ్మినే ఒక్కొక్క ప్రశ్నగా అడిగి నింపాలి. నమూనా పని జవాబు చెప్పేవాళ్లకు దారి చూపడం. దాన్ని ప్రశ్న అడిగేవాడి అర్హత పరీక్షగా మార్చకూడదు.

కటువుతనం, నాణ్యత

గట్టిగా తిట్టేవాళ్లుంటేనే నాణ్యత నిలుస్తుందన్న వాదం ఒకటుంది. ఆక్వా గ్రూపుల్లోనూ వింటుంటాం: ‘ఆయన నోరు మంచిది కాదు గానీ చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది.’ ఈ వాదానికి పెద్ద సాక్ష్యంగా చాలాకాలం లైనక్స్‌ను చూపించేవారు. దాన్ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ కటువైన ఉత్తరాలతోనే ప్రపంచంలో ఎక్కువ యంత్రాలు నడిపే కెర్నెల్ తయారైందని. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన ధోరణికి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో ఆ ప్రాజెక్టు ఒక ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. ఆయన అక్టోబరులో తిరిగొచ్చాడు. కోడ్‌ను నిర్దాక్షిణ్యంగా పరీక్షించే పద్ధతి అలాగే ఉంది, కెర్నెల్ కూలిపోలేదు. తిట్టుకూ నాణ్యతకూ మనం ముడి వేసింది అవి రెండూ ఒకే మనిషిలో కనిపించడం వల్లే. ఆ తిట్లు చూసి రాకుండా ఆగిపోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అందుకే ఆ నష్టం కంటికి ఆనదు.

కటువైన వాదం మనకేం కొత్త కాదు. ఈ డెల్టాకు పెద్ద పెద్ద వాదాల చరిత్ర ఉంది. రాజమహేంద్రవరానికి చెందిన వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పెట్టాక కొక్కొండ వెంకటరత్నం పంతులు గారితో పత్రికల్లో సాగిన ఎత్తిపొడుపులు సాహిత్య చరిత్రకెక్కాయి. కోనసీమ ముక్తేశ్వరానికి చెందిన జయంతి రామయ్య పంతులు గ్రాంథిక భాష వైపు, గిడుగు రామమూర్తి వ్యావహారికం వైపు నిలబడి ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 1913లో గిడుగు ‘మెమొరాండం’ రాస్తే జయంతి ‘డిఫెన్స్’ రాశారు. అది నిజంగా సాంకేతిక చర్చ. వ్యాకరణ సూత్రాలు, పూర్వకవుల ప్రయోగాలు, శాసనాల భాష అందులో సరంజామా. గిడుగు పాత వచనం నుంచి ఉదాహరణలు పోగేసి ‘గద్య చింతామణి’ కూర్చారు. ఆ రెండు పక్షాలూ పరస్పరం విసురుకున్న ములుకులు ఈనాడు ఎవరికీ అక్కర్లేదు. ఆ ఉదాహరణలు మాత్రం భాషా విద్యార్థులకు ఇప్పటికీ కావాలి. వాదంలో ప్రత్యర్థి మాటను ముందు పూర్వపక్షంగా తానే సరిగ్గా చెప్పి, ఆ తర్వాత జవాబివ్వడం మన శాస్త్ర చర్చల్లో పాత పద్ధతి. ‘మీరనేది సున్నం ఎక్కువైందని కదండీ?’ అని ఒక్క వాక్యం రాసి జవాబు మొదలుపెట్టేవాళ్లు గ్రూపులో నలుగురుంటే సగం తగాదాలు పుట్టవు.

పేరు పక్కన కంపెనీ

ఆక్వా గ్రూపుల్లో అసలు విషం తిట్లలో కంటే మర్యాదగా చెప్పే అబద్ధాల్లో ఎక్కువ ఉంటుంది. రైతు వేషంలో మాట్లాడే సేల్స్ మనిషి తన ప్రోబయోటిక్‌ను పొగుడుతాడు, పక్క కంపెనీ దాన్ని దెప్పుతాడు, అదీ ఎంతో వినయంగా. ఈహెచ్‌పీ లాంటి జబ్బుల్లో ఇది మరీ ప్రమాదం. అందులో రొయ్యలు కుప్పలుగా చావవు. సైజుకు రావు, మేత తింటూనే ఉంటాయి, రైతు ఖర్చు పెడుతూనే ఉంటాడు. పీసీఆర్ పరీక్ష లేకుండా కంటితో తేల్చలేని చోట మందు అమ్మేవాడి మాటకు బలం ఎక్కువ. దీనికి నేను చూసినవాటిలో పనిచేసిన ఉపాయం చాలా సులువైనది. గ్రూపులో పేరు పక్కన వృత్తి రాసుకోవాలి. రైతైతే రైతు, కంపెనీ మనిషైతే కంపెనీ పేరు, ల్యాబ్ అయితే ల్యాబ్. కంపెనీవాళ్లను వెళ్లగొట్టాల్సిన పని లేదు, వాళ్లలో బాగా చదువుకున్న టెక్నీషియన్లు ఉంటారు, వాళ్ల జ్ఞానం కావాలి. వాళ్లు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో తెలిస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం అడ్మిన్ మెత్తగా ఉండకూడదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ వేయమని ఎవరైనా రాస్తే ఆ సందేశం అక్కడికక్కడే తీసేయాలి, ఎందుకు తీసేశామో అందరికీ చెప్పాలి. ఒక్క కంటైనరులో ఆ అవశేషాలు దొరికితే దెబ్బ దేశం మొత్తానికి తగులుతుంది. 2022 నుంచి అడ్మిన్లకు ఎవరి సందేశమైనా అందరి ఫోన్లలో చెరిపేసే వీలుంది. దాన్ని ఇలాంటి చోట వాడాలి, తన మీద విమర్శ వచ్చినచోట వాడకూడదు.

ధరల గొడవ వేరు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన వచ్చినప్పుడు, మళ్లీ ఆగస్టులో అవి 50 శాతానికి చేరినప్పుడు, జబ్బుల గురించి మాట్లాడుకునే గ్రూపులు కూడా రేట్ల పుకార్లతో నిండిపోయాయి. దాళ్వాలో నీళ్లు చాలనప్పుడు కాలవల మీద వంతులు పెట్టినట్టు, ధరల మాటకు వేరే గ్రూపో, కనీసం వేరే సమయమో కేటాయించడం మంచిది. కొనుగోలుదారు లేని గ్రూపులోనే జబ్బు కబురు బయటికొస్తుందని మొగల్తూరు అనుభవం చెబుతోంది. కాబట్టి ఈ విభజన సౌకర్యం కోసం చేసేది కాదు, చర్చకు ప్రాణాధారం.

ఓటు, హమ్, యంత్రం

వాట్సాప్‌లో పోలింగ్ పెట్టే సౌకర్యం వచ్చాక ప్రతిదానికీ ఓటు పెట్టడం అలవాటైంది. సాంకేతిక విషయంలో ఓటుకు విలువ తక్కువ. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ సంస్థ 1990ల నుంచి ఓట్లను నమ్ముకోకుండా పనిచేస్తోంది. సమావేశంలో అభిప్రాయం తెలుసుకోవాలంటే సభ్యులు ‘హమ్’ అని శబ్దం చేస్తారు. ఎంతమంది ఎటున్నారన్నది కంటే, మిగిలిన అభ్యంతరానికి జవాబు దొరికిందా లేదా అన్నది వాళ్లకు ముఖ్యం. 2014లో ఆ పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం కూడా వెలువడింది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్య ఎక్కువగా కుబుసం విడుస్తుందని మన రైతులు అంటారు. ఆ రోజుల్లో మేత ఎంత తగ్గించాలన్నదానికి నూట ఇరవై మంది ఓట్లకంటే పది చెరువుల చెక్ ట్రే ఫొటోలు ఎక్కువ చెబుతాయి. ‘నా చెరువులో అలా జరగలేదండి’ అన్న ఒక్క రైతును చేతులెత్తి ఓడించకుండా, ఆయన చెరువు ఉప్పు శాతం ఎంతో అడగాలి. అక్కడే కొత్త సంగతి దొరకొచ్చు.

ఇప్పుడు కృత్రిమ మేధ రాసిన పొడుగాటి తెలుగు జవాబులు గ్రూపుల్లో పడుతున్నాయి. చదవడానికి నున్నగా ఉంటాయి, మోతాదు మాత్రం తప్పి ఉండొచ్చు. చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబరులో, స్టాక్ ఓవర్‌ఫ్లో అలాంటి జవాబులను నిషేధించింది. సరైనవిగా కనిపిస్తూ తప్పైన జవాబులను సరిచూసే భారం మనుషుల మీద పడుతోందన్నది వాళ్ల కారణం. ఆక్వా గ్రూపుకు నిషేధం అక్కర్లేదేమో. అది ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పాలి, తన చెరువులో చేసి చూశారో లేదో చెప్పాలి.

రచ్చబండ నుంచి నేర్చుకోవాల్సింది

తెలుగువాళ్లు ఆన్‌లైన్‌లో కలిసి సాంకేతిక పని చేసిన చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. 1990ల మొదట్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ చర్చల్లో ఉన్నప్పుడే ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి పుట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అక్కడ సముదాయం మొత్తం చర్చించుకునే పేజీకి రచ్చబండ అని పేరు. యంత్రానువాదంతో వచ్చిన వ్యాసాల నాణ్యత మీద, వ్యాసాలకు ఏ పేరు పెట్టాలన్న దాని మీద అక్కడ ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. అయినా పని ఆగలేదు. కారణం అందరూ సౌమ్యులు కావడం కాదు, ఆ చోటు కట్టిన తీరు. ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ ఉంటుంది, కాబట్టి మాట వ్యాసం మీదే ఉంటుంది. ప్రతి మాట కిందా సంతకం, తేదీ ఉంటాయి. ఎవరేం మార్చారో చరిత్రలో చెరగకుండా ఉంటుంది. ఎదుటివాడు మంచి ఉద్దేశంతోనే చేశాడని ముందు నమ్మాలన్నది వికీపీడియాలో వాడుకలో ఉన్న సూత్రం. ఇంగ్లిషు వికీపీడియాలో ఒకే వ్యాసాన్ని ఒక రోజులో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదన్న నియమం 2004 నుంచి ఉంది. తప్పెవరిదని తేల్చకుండానే వేడి చల్లారడానికి అది సమయం ఇస్తుంది. ఆక్వా గ్రూపులో దీనికి సాటి నియమం తేలిగ్గా పెట్టుకోవచ్చు. ఒకే విషయం మీద ఇద్దరు మూడేసి సార్లు ఎదురెదురుగా రాశాక, మిగతావాళ్లు మాట్లాడేవరకు ఆ ఇద్దరూ ఆగాలి.

వాట్సాప్‌లో లేనిది ఆ చరిత్రే. మన రైతులకు టైపు చేయడం కంటే మాట్లాడటం సులువు, అందుకని వాయిస్ మెసేజీలు ఎక్కువ. గొంతు వినిపించినచోట తగువు కూడా తక్కువ. టైపు చేస్తే మొరటుగా కనిపించే మాట, ‘అదేం కాదండీ బాబూ, ఏరియేటరు ఆపేశారేంటండి’ అని గోదావరి యాసలో వినిపిస్తే ఎవరికీ కోపం రాదు. కానీ ఆ గొంతును వెతకడం కుదరదు. పోయిన సంవత్సరం సంక్రాంతి చలికి రొయ్య మేత తగ్గించినప్పుడు ఎవరేం చేశారో ఈ సంవత్సరం దొరకదు. ప్రతి పంటకూ అవే ప్రశ్నలు, అవే జవాబులు, అవే విసుగులు. ఆ విసుగులోంచే చాలా కటువు మాటలు పుడతాయి.

చట్టం, కులం, మౌనం

అడ్మిన్లకు చట్ట భయం ఒకటుంది, అది కొంత అనవసరం. సభ్యుడు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన అతన్ని బాధ్యుణ్ని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కేసు భయంతో ‘అడ్మిన్లు మాత్రమే రాయగలరు’ అని తలుపు మూసేసిన గ్రూపు నోటీసు బోర్డుగా మిగిలిపోతుంది. అయితే బాధ్యత లేకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో హింస చెలరేగాక కోనసీమలో దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ ఆపేశారు. ఊరి వాతావరణం వేడెక్కితే సాంకేతిక గ్రూపు దానికి ఎడంగా ఉండిపోతుందని అనుకోలేం. కులం, పార్టీ, హీరో ఈ మూడూ ఇక్కడ వద్దన్న నియమం చాలా ఆక్వా గ్రూపుల్లో ఉంది. అది ఒక్కటే కచ్చితంగా అమలు చేసినా గ్రూపు ఆయుష్షు పెరుగుతుంది.

కానీ కులం మాట వద్దన్నంత మాత్రాన అది గ్రూపులోంచి పోదు. ఎవరు అడుగుతారు, ఎవరు అడగరు అన్నదాంట్లో అది ఉంటుంది. సొంత చెరువులున్న పెద్ద రైతు ప్రశ్నకు ఐదు నిమిషాల్లో ఇరవై జవాబులు. రెండెకరాలు కౌలుకు తీసుకున్నవాడి ప్రశ్న కిందికి జారిపోతుంది. చెరువు మీద రాత్రంతా కాపలా ఉండి రొయ్యను అందరికంటే ముందు చూసే మనిషికి గ్రూపులో పేరే ఉండదు. కుర్ర టెక్నీషియన్ యజమాని చెప్పింది తప్పని తెలిసినా అందరి ముందూ అనలేడు, విడిగా మెసేజ్ పెడతాడు. ఆడవాళ్లు ప్రాసెసింగ్ ప్లాంట్లలో వేల మంది పనిచేస్తారు, సాగు గ్రూపుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. సభ్యతగా కనిపించే నిశ్శబ్దంలో ఇదంతా ఉంది. దీనికి ఒక చిన్న ఏర్పాటు ఉంది, అక్కడక్కడ నడుస్తోంది కూడా. రాయడానికి జంకేవాళ్లు ప్రశ్నను అడ్మిన్‌కు విడిగా పంపుతారు, అడ్మిన్ పేరు లేకుండా గ్రూపులో పెడతాడు. జబ్బు కబుర్లలో ఎక్కువ భాగం ఈ దారినే వస్తుందని అలాంటి గ్రూపులు నడిపేవాళ్లు చెబుతారు.

ఇదంతా ఎవరు చెయ్యాలి? మొదటి జవాబు ఇవ్వడం, నమూనా ఓపిగ్గా నింపించడం, పేరులేని ప్రశ్నలు పెట్టడం, పోలింగులు ఆపడం గంటల కొద్దీ పని. ఇవాళ దాన్ని చేసేది తనకూ నాలుగు చెరువులున్న ఒక రైతు. ఆయన పంట దెబ్బతిన్న నెలలో గ్రూపూ దెబ్బతింటుంది. ఇద్దరు ముగ్గురు నెలకొకరు చొప్పున బాధ్యత మార్చుకునే గ్రూపులు కొంత మెరుగు. ఇక చరిత్ర రాసే పని మాత్రం రైతుల మీద పెట్టడం న్యాయం కాదు. నరసాపురం దగ్గర ఫిషరీస్ యూనివర్సిటీకి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. జిల్లాల్లో మత్స్యశాఖ సహాయకులున్నారు, నాక్సా క్షేత్ర సిబ్బంది ఉన్నారు. ఒక్కో ఫిషరీస్ విద్యార్థి ఒక్కో గ్రూపులో కూర్చుని, రైతుల అనుమతితో, వారానికొకసారి ఒక పేజీ రాయొచ్చు. పేర్లు తీసేసి, మండలం, పంట రోజు, నీటి లెక్కలు, ఏం చేశారు, ఏమైంది అని. ఏమైందన్న గడి ఖాళీగా ఉన్నచోట ఆ రైతుకు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోను ఎత్తినాయన మొదట చెప్పేది నష్టం గురించే అయినా, రాసుకునే కుర్రాడు మధ్యలో సలహా ఇవ్వకుండా చివరిదాకా వినాలి.